నీళ్ళు లేని కట్ట: గురుగ్రామ్ చుట్టూ కరువు, విహారం, అడవి

గురుగ్రామ్ నగరంలో చక్కర్‌పూర్, వజీరాబాద్ అనే రెండు పాత ఊళ్ళ మధ్య అయిదు కిలోమీటర్ల పొడవున ఒక మట్టి కట్ట ఉంది. తెల్లవారితే చాలు, దాని మీద నడిచేవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు, సైకిళ్ళు తొక్కే పిల్లలు కనిపిస్తారు. ఒకప్పుడు చెత్తకుప్పలతో, ఆక్రమణలతో నిండిన ఈ కట్టను నగరపాలక సంస్థ, ‘ఐయామ్ గుర్గావ్’ అనే పౌర సంస్థ కలిసి శుభ్రం చేసి, ఈ నేలకు చెందిన చెట్లు నాటి, నడకదారిగా మలిచాయి. అయితే దీన్ని మొదట కట్టింది నడక కోసం కాదు. వానాకాలంలో ఆరావళి కొండల మీద నుంచి ఉరికివచ్చే నీటిని నిలబెట్టి నేలలోకి ఇంకించడానికి, దిగువ ఊళ్ళను వరద నుంచి కాపాడడానికి కట్టిన అడ్డుకట్ట ఇది. ఇక్కడివాళ్ళు దీన్ని ‘బంధ్’ అంటారు. తెలుగు ఊళ్ళో చెరువుకట్ట మీద నడిచేవాడికి ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క ఆయకట్టు కనిపిస్తాయి. ఇక్కడ రెండు పక్కలా ఇళ్ళూ రోడ్లే.

కరువు అనగానే బీటలు వారిన పొలం, ఖాళీ బిందెలు గుర్తుకు వస్తాయి. విహారస్థలాల మీద, అడవుల మీద దాని దెబ్బ గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. తాగడానికే నీళ్ళు లేనప్పుడు పడవ షికారు గురించి బెంగ ఏమిటని అనిపించడం సహజమే. కాని నగరవాసి వారానికి ఒకసారి వెళ్ళి కూర్చునే చెరువు, పక్షులను చూసే మడుగు, ఎక్కే కొండ ఊరికి నీరిచ్చే వ్యవస్థలో భాగాలు. ఆ వ్యవస్థ పాడైతే మొదట బయటపడేది అక్కడే. కుళాయి ఎండడానికి చాలా ఏళ్ళ ముందే సరస్సు ఎండుతుంది. గురుగ్రామ్, దాని పొరుగున ఉన్న ఫరీదాబాద్, నూహ్, ఝజ్జర్ జిల్లాలు, దక్షిణ ఢిల్లీ అంచు ఈ సంగతిని కళ్ళకు కట్టినట్టు చూపిస్తాయి.

కరువు అంటే ఇక్కడ ఏమిటి

గుజరాత్ నుంచి ఢిల్లీ దాకా సుమారు 700 కిలోమీటర్లు సాగే ఆరావళి, ప్రపంచంలోని అతి పురాతన పర్వతశ్రేణుల్లో ఒకటి. దాని ఈశాన్యపు కొస గురుగ్రామ్, ఫరీదాబాద్‌ల మీదుగా వెళ్ళి ఢిల్లీలో ముగుస్తుంది. ఇక్కడ ఏటా సగటున 600 మిల్లీమీటర్ల అటూ ఇటూగా వాన పడుతుంది. అనంతపురంతో పోలిస్తే కాస్త ఎక్కువ, అంతే. అందులో అధికభాగం జూలై నుంచి సెప్టెంబరు లోపు కొన్ని రోజుల్లోనే కురిసిపోతుంది. ఆ కొన్ని రోజుల నీటిని పట్టి నిలబెట్టుకోవడం మీదే మిగతా తొమ్మిది నెలల బతుకు ఆధారపడింది.

వాన సాధారణం కంటే 26 నుంచి 50 శాతం వరకు తగ్గితే ఆ ప్రాంతంలో మధ్యస్థ కరువు, అంతకు మించి తగ్గితే తీవ్ర కరువు అని భారత వాతావరణ శాఖ లెక్కకట్టేది. 2016 నుంచి ఆ శాఖ కరువు అనే మాటనే పక్కన పెట్టి ‘లోటు వర్షపాతం’ అంటోంది. నైరుతి రుతుపవనాల వాన దేశం మొత్తం మీద 2002లో 19 శాతం, 2009లో 22 శాతం, 2014లో 12 శాతం, 2015లో 14 శాతం తగ్గింది. 2002 జూలైలోనైతే దేశంలో పడాల్సిన వానలో సగమే పడింది.

కరువుకు ఏడాది పేరు పెట్టి గుర్తుంచుకోవడం ఇక్కడా ఉంది, మన దగ్గరా ఉంది. 1832-33లో వచ్చినదాన్ని తెలుగువాళ్ళు నందన కరువు అన్నారు, 1876లో మొదలైనదాన్ని ధాత కరువు అన్నారు. ఆ పేర్లు తెలుగు సంవత్సరాలవి. ఢిల్లీ చుట్టుపక్కల జనం విక్రమ శకాన్ని పట్టుకున్నారు. 1783-84 నాటి కరువు సంవత్ 1840లో వచ్చింది కాబట్టి ‘చాలీసా’. 1899-1900 నాటిది సంవత్ 1956లో వచ్చింది కాబట్టి ‘ఛప్పనియా’. ఆ కరువులన్నీ వాన రావడంతో తీరినవి. చెరువులు మళ్ళీ నిండాయి, బావుల్లో ఊట మళ్ళీ ఊరింది. ఈ కాలపు కరువుకు, పాత కరువుకు తేడా అక్కడే ఉంది.

ఇప్పుడు వాన వచ్చినా సరస్సు నిండడం లేదు. కొండ మీద గనులు తవ్వారు, వాగులకు అడ్డంగా కాలనీలు లేచాయి, పట్టణం మొత్తానికి సిమెంటు కప్పేశారు. ఆ పైన గురుగ్రామ్ జిల్లాలో భూగర్భజలాన్ని ఇంకేదాని కంటే ఎక్కువగా తోడేస్తున్నారని కేంద్ర భూగర్భజల మండలి లెక్కలు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాయి. 2012లో పంజాబ్, హర్యానా ఉన్నత న్యాయస్థానం అప్పటికి గుర్గావ్ అనే పేరున్న ఈ నగరంలో భవన నిర్మాణానికి భూగర్భజలం వాడకూడదని ఆదేశించాల్సి వచ్చింది. 2016 జూలై 28న భారీ వర్షానికి రోడ్లు నదులై, జనం రాత్రంతా కార్లలో చిక్కుకుపోయారు. ‘గురుజామ్’ అని పేరు పడిన ఆ రాత్రి నగరం మునిగింది కాని, నగరం పక్కన ఒకప్పుడు వందల ఎకరాల్లో పరుచుకుని కొండనీటిని పట్టిన ఘాటా చెరువుకు మళ్ళీ ప్రాణం రాలేదు. నీరు దారి తప్పింది. కురవని ఏట కరువు రావడం ప్రకృతి పని. కురిసిన ఏట కూడా చెరువు ఎండి ఉండడం మనుషుల చేతి పని. ఈ వ్యాసంలో చెప్పుకోబోయే చోట్లన్నిటినీ ఈ రెండూ కలిసి తాకాయి.

పడవలు ఆగిన చెరువులు

ఫరీదాబాద్‌లోని బడ్‌ఖల్ సరస్సు కథ ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో సాగునీటి కోసం రెండు కొండల మధ్య కట్ట వేసి నిలిపిన సుమారు 40 ఎకరాల నీరు అది. హర్యానా పర్యాటక శాఖ దాని ఒడ్డున అతిథిగృహాలు కట్టింది, పడవలు తిప్పింది. ఢిల్లీ కుటుంబాలకు 1970ల్లో, 80ల్లో ఆదివారం అంటే బడ్‌ఖల్. ‘ఎవరి జోక్యమూ లేనిది’ అనే అర్థం ఉన్న ‘బేదఖల్’ అనే పారశీక మాట నుంచి దానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆ పేరుకు పూర్తిగా వ్యతిరేకంగా, దాని చుట్టూ ఉన్న కొండలను రాయి కోసం, ఇసుక కోసం తొలిచేశారు. గుంతలు భూగర్భజలమట్టం కిందకు దిగాయి. సరస్సులోకి జారాల్సిన వాననీరు ఆ గుంతల్లోకి జారింది.

న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు బడ్‌ఖల్, సూరజ్‌కుండ్‌లకు రెండు కిలోమీటర్ల లోపు గనుల తవ్వకాన్ని ఆపమంది. 2002లో ఢిల్లీ-హర్యానా సరిహద్దుకు ఐదు కిలోమీటర్ల లోపు కొండప్రాంతంలో గనులనూ, భూగర్భజలం తోడడాన్నీ నిషేధించింది. 2009లో ఫరీదాబాద్, గుర్గావ్, మేవాత్ (ఇప్పటి నూహ్) జిల్లాల ఆరావళి మొత్తానికి తవ్వకాల నిలుపుదలను విస్తరించింది. తీర్పులు ఒకటి వెనక ఒకటి వచ్చేసరికి బడ్‌ఖల్ ఎండిపోయింది. అడుగున గడ్డి మొలిచింది, పశువులు మేశాయి, పిల్లలు క్రికెట్ ఆడారు. నీళ్ళు లేని రేవు మెట్లు అలాగే మిగిలాయి.

దగ్గర్లోని సూరజ్‌కుండ్‌ను పదో శతాబ్దంలో తోమర వంశపు రాజు సూరజ్‌పాల్ కట్టించాడని ప్రతీతి. ఉదయించే సూర్యుడి ఆకారంలో అర్ధవలయంగా దిగే రాతిమెట్లు దాని అందం. 1987 నుంచి ఏటా ఫిబ్రవరిలో దాని పేరు మీద చేతివృత్తుల మేళా జరుగుతుంది. దేశంలోని అన్ని మూలల నుంచీ నేతగాళ్ళు, కుమ్మరులు, చిత్రకారులు వస్తారు. మేళాకు వచ్చే లక్షలమందిలో ఆ మేళాకు పేరిచ్చిన కుండం దాకా నడిచేవాళ్ళు ఎందరో తెలియదు. నడిచినవాళ్ళకు కనిపించేది ఎక్కువగా పొడి మెట్లే. ఆ పక్కనే ఉన్న పీకాక్ సరస్సు కూడా ఎండిపోయింది.

గురుగ్రామ్ జిల్లాలో సోహ్నా దగ్గరి దమ్‌దమా సరస్సు వీటి కంటే అదృష్టవంతురాలు. ఇది కూడా 1947 నాటి కట్టే. కొండల మీద నుంచి దిగే వాననీరే దీనికి ఆధారం. అందువల్ల దీని మట్టం ఏడాది వానకు నేరుగా కొలబద్ద లాంటిది. మంచి వాన పడిన ఏడు నీరు కొండ పాదాల దాకా పాకుతుంది, వాన తప్పిన ఏడు కుంచించుకుపోయి బురద అంచు బయటపడుతుంది. పడవలు ఒడ్డెక్కుతాయి. హర్యానా పర్యాటక శాఖ తన విడిదులకు పిట్టల పేర్లు పెట్టే అలవాటులో భాగంగా దమ్‌దమా విడిదికి ‘సారస్’ అని పేరు పెట్టింది, అంటే సారస కొంగ.

నీరు తగ్గితే ఆదాయం ఎవరికి తగ్గుతుందో చూడాలి. పడవవాడికి, మొక్కజొన్న కాల్చి అమ్మే మనిషికి, ఒంటె సవారీ తిప్పేవాడికి, వారాంతపు శిబిరాల్లో వంట చేసే ఊరి ఆడవాళ్ళకు. పంట పోతే రైతుకు పరిహారం ఇచ్చే పద్ధతి కనీసం కాగితం మీదైనా ఉంది. సరస్సు ఎండితే పడవవాడికి దిక్కెవరు? కరువు నష్టాల లెక్కల్లో ఈ గడి చేరాలి.

గనుల గుంతల్లో ఊరిన నీలిరంగు నీరు మరో రకం సమస్య తెచ్చింది. ఢిల్లీ అంచున ఉన్న అసోలా భట్టి అభయారణ్యంలో, ఫరీదాబాద్ కొండల్లో ఇలాంటి మడుగులు చాలా ఉన్నాయి. అసలు సరస్సులు ఎండేకొద్దీ కుర్రాళ్ళు ఈతకు, ఫొటోలకు వీటి దగ్గరకు చేరారు. నిట్టనిలువు రాతి గోడలు, అంతు తెలియని లోతు. వీటిలో పడి చాలామంది చనిపోయారు. పైగా ఈ నీరు ఎండకు బట్టబయలైన భూగర్భజలం. వేసవి అంతా ఆవిరై పోతూనే ఉంటుంది.

సుల్తాన్‌పూర్: కాలువ మీద బతికే మడుగు

గురుగ్రామ్ నుంచి ఫరూఖ్‌నగర్ వెళ్ళే దారిలో పదిహేను కిలోమీటర్లు పోతే సుల్తాన్‌పూర్ జాతీయ ఉద్యానం వస్తుంది. విస్తీర్ణం ఒకటిన్నర చదరపు కిలోమీటరు కూడా లేదు. అయినా చలికాలం ఉదయాన రెండు గంటలు నడిస్తే ఇక్కడ కనిపించే పక్షులు చాలా పెద్ద అడవుల్లో కూడా కనిపించవు. ఉద్యోగాల కోసం వచ్చి ఢిల్లీ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఇది బాగా తెలిసిన చోటే. రాయిటర్స్ విలేకరిగా ఢిల్లీలో పనిచేసిన పక్షిప్రేమికుడు పీటర్ జాక్సన్ ఈ మడుగును కాపాడమని ప్రధాని ఇందిరాగాంధీకి లేఖ రాశారు. 1971లో ఇది పక్షుల అభయారణ్యం అయింది, 1991లో జాతీయ ఉద్యానం అయింది. 2021లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలల జాబితాలో చేరింది. 220కి పైగా పక్షిజాతులకు ఇది ఆశ్రయమని ఆ జాబితా చెబుతుంది.

సుల్తాన్‌పూర్ నీటి కథను దాని ఉప్పు కథతో మొదలుపెట్టాలి. బ్రిటిష్ కాలంలో ఈ చుట్టుపక్కల బావుల్లో ఊరే ఉప్పునీటిని మడుల్లో ఆరబెట్టి ఉప్పు తీసేవాళ్ళు. గఢీ హర్‌సరూ నుంచి ఫరూఖ్‌నగర్‌కు రైలుమార్గం వేసింది ఆ ఉప్పును తరలించడానికే. అంటే ఇక్కడి నేల అడుగునున్నది తియ్యటి నీరు కాదు. వాన తప్పితే బోరు వేసి మడుగు నింపుదామంటే నీటిలో ఉప్పు పెరుగుతుంది, చేపలూ నీటిమొక్కలూ మారిపోతాయి. అందువల్ల యమున నీటిని కాలువ ద్వారా తెచ్చి నింపాలి. ఆ కాలువ మీదే నగరం తాగునీటికి, రైతు పొలానికి చూస్తుంటారు. కరువు ఏట ముగ్గురూ ఒకే నీటి కోసం నిలబడితే పక్షి వంతు చివరికి వస్తుంది.

ఎర్రకాళ్ళ కొంగలు ఈ లెక్కను అందరికంటే ముందు పసిగడతాయి. మడుగు మధ్య పోసిన మట్టి దిబ్బల మీది తుమ్మచెట్లపై అవి వానాకాలం చివర్లో గూళ్ళు కడతాయి. చెట్టు చుట్టూ నీరు ఉంటేనే నక్కలు, కుక్కలు పైకి రాకుండా ఉంటాయి. నీటిలో చేపలుంటేనే పిల్లల కడుపు నిండుతుంది. వాన చాలకపోతే గూళ్ళు కట్టడం ఆలస్యం చేస్తాయి, తగ్గిస్తాయి, మరీ లోటైతే కట్టనే కట్టవు. గూళ్ళు కట్టాక నీరు ఇంకిపోతే ఇంకా ఘోరం.

ఇందులో చూసేవాడిని మోసగించే సంగతి ఒకటి ఉంది. ఎండుతున్న మడుగులో మొదటి వారాల్లో పక్షులు ఎక్కువగా కనిపిస్తాయి. లోతు తగ్గి చేపలు ఒకచోట చేరతాయి, బురద బయటపడి ఉల్లంకులకు పురుగులు దొరుకుతాయి. చుట్టుపక్కల కుంటలు ఎండిపోయిన పక్షులన్నీ మిగిలిన నీటి దగ్గరకు వస్తాయి. కెమెరాలు పట్టుకుని వచ్చినవాళ్ళు ఈ ఏడు సందడి బాగుందని సంబరపడతారు. నిజానికి అది ఉన్నచోట నీళ్ళు లేక తప్పనిసరై వచ్చినవాళ్ళ గుంపు. ఆ తరువాత ఆ నీరూ పోతుంది.

పొరుగున ఝజ్జర్ జిల్లాలోని భిండావాస్ కూడా 2021లోనే రామ్‌సర్ జాబితాకెక్కింది. హర్యానాలో అతిపెద్ద చిత్తడినేల ఇదే, విస్తీర్ణం 400 హెక్టార్లకు పైనే. దీని పుట్టుక విచిత్రం. జవహర్‌లాల్ నెహ్రూ ఎత్తిపోతల కాలువలో కరెంటు పోయి మోటార్లు ఆగినప్పుడు పొంగే నీటిని మళ్ళించి నిల్వచేయడానికి దీన్ని ఏర్పాటు చేశారు. నీటిపారుదల ఇంజనీర్ల అవసరం కోసం తవ్విన పల్లంలో పక్షులు కాపురం పెట్టాయి.

నీటి కోసం రైతుకూ పక్షికీ మధ్య పోటీ ఎంతదాకా పోతుందో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చూపించింది. కేవలాదేవ్ జాతీయ ఉద్యానం 1985 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. గంభీర్ నది మీద కట్టిన పాంచనా ఆనకట్ట నుంచి రావాల్సిన నీరు 2004 కరువులో ఎగువ రైతుల ఆందోళన వల్ల రాలేదు. మడుగులు ఎండాయి, పక్షులు రావడం మానేశాయి. రైతులది తప్పని అనలేం, వాళ్ళ పొలాలూ ఎండుతున్నాయి. కాని అక్కడ సైకిల్‌రిక్షా తొక్కుతూ పక్షుల పేర్లు చెప్పి చూపించే మార్గదర్శుల కుటుంబాలకు ఆ చలికాలాలు చాలా కష్టంగా గడిచాయి. తరువాత గోవర్ధన్ కాలువ నుంచీ, చంబల్ నుంచీ నీళ్ళు తేవాల్సి వచ్చింది.

గురుగ్రామ్ పక్కన పక్షులు వెతుక్కున్న మరో దారి ఉంది, మురుగునీరు. రాజస్థాన్ కొండల్లో పుట్టిన సాహిబీ నది ఒకప్పుడు నజఫ్‌గఢ్ పల్లంలో చేరి వానాకాలంలో 200 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకునేది. బ్రిటిష్‌వాళ్ళు కాలువ తవ్వి దాన్ని యమునలోకి మళ్ళించారు. ఇప్పుడు ఏటిలో నీళ్ళు లేవు. రేవాడీ జిల్లాలో 1977 వరద తరువాత కట్టిన మసానీ బ్యారేజి దగ్గర కనిపించేది ఎక్కువగా ఇసుకే. పల్లంలోకి మాత్రం గురుగ్రామ్ మురుగు ఏడాది పొడుగునా చేరుతోంది. వాన పడినా పడకపోయినా ఆగని నీరు అదొక్కటే. రాజహంసలు అందులో నిలబడి తింటాయి. నగరం అంచున ఉన్న బసాయి మడుగుదీ ఇదే కథ, దాన్ని రోడ్లూ కట్టడాలూ మింగుతూ వచ్చాయి. పక్షులను చూసే అభిరుచి ఉన్నవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని అక్కడికి వెళ్ళడం ఈ ప్రాంతపు నీటి పరిస్థితిని ఏ నివేదిక కంటే బాగా చెబుతుంది.

ఆకు రాల్చి బతికే అడవి

నీటి మీద కట్టిన విహారం కరువుకు లొంగినంత తేలిగ్గా ఆరావళి అడవి లొంగదు. అది కరువులోనే పుట్టి పెరిగింది.

గురుగ్రామ్-ఫరీదాబాద్ దారికి లోపల మాంగర్ అనే గుజ్జర్ల ఊరు ఉంది. ఆ ఊరి లోయలో మాంగర్ బణీ అనే దేవరవనం ఉంది. గుదరియా దాస్ బాబా అనే సాధువు తపస్సు చేసిన చోటని, అక్కడ కొమ్మ విరిచినవాడికి కీడు జరుగుతుందని చుట్టుపక్కల ఊళ్ళ నమ్మకం. ఆ నమ్మకమే ఏ చట్టమూ చేయలేని పని చేసింది. ఢిల్లీ చుట్టూ ఉన్న అడవి అంతా మాయమైనా ఇక్కడ ధౌ చెట్లు గుంపులుగా మిగిలాయి. ధౌ మన నల్లమలలో కనిపించే చిరుమానుకు దగ్గరి చుట్టం. రాతి బీటలో వేరు దింపి, వేసవిలో ఆకంతా రాల్చి, నిద్రపోయినట్టు నిలబడుతుంది. మేలో వెళ్ళినవాడికి అడవి చచ్చిపోయిందనిపిస్తుంది. మొదటి రెండు గట్టి వానలు పడితే రోజుల్లో లోయ అంతా పచ్చబడుతుంది. 2016లో హర్యానా ప్రభుత్వం ఈ వనాన్నీ దాని చుట్టూ కొంత మేరనూ నిర్మాణ నిషిద్ధ ప్రాంతంగా గుర్తించింది. 2021లో ఇక్కడి కొండల్లో పాతరాతియుగపు పనిముట్లు, గుహచిత్రాలు బయటపడ్డాయి.

మాంగర్ బయట కొండల మీద ఎక్కువగా కనిపించేది వేరే చెట్టు. హిందీలో విలాయతీ కీకర్, తెలుగులో సర్కారు తుమ్మ. రెండు పేర్లలోనూ ఇది బయటి నుంచి తెచ్చిపెట్టినదని తెలిసిపోతుంది. మెక్సికో, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చెట్టును బ్రిటిష్‌వాళ్ళు గత శతాబ్దం మొదట్లో ఢిల్లీ కొండల మీద విరివిగా నాటారు. కరువుకు చలించదు, మేకలు ఆకు ముట్టవు, లోతైన వేళ్ళతో దొరికిన తేమనంతా లాగేస్తుంది. ప్రతి కరువు తరువాత స్థానిక మొక్కల కంటే ఇదే ముందు లేస్తుంది. అడవిలో నడిచేవాడికి ముళ్ళు తప్ప ఇందులో ఏమీ దొరకదు, పక్షులకు దొరికేది కూడా తక్కువే.

చిరుత, దుమ్ములగొండి, నక్క, మనుబోతు, ముళ్ళపంది, నెమలి ఈ కొండల్లో ఇప్పటికీ ఉన్నాయి. వేసవిలో అటవీశాఖ ట్యాంకర్లతో నీటితొట్లు నింపుతుంది. ఉన్న నీరు నాలుగైదు చోట్లకే పరిమితమైతే వేటాడేదీ వేటగా మారేదీ ఊరి పశువులూ నడకకు వచ్చిన మనుషులూ అక్కడే కలుసుకుంటారు. 2016 నవంబరులో సోహ్నా దగ్గరి మండావర్ గ్రామంలోకి వచ్చిన చిరుతను జనం కొట్టి చంపారు. ఆ ఒక్క ఘటనను కరువు మీదకు తోసేయలేం. అయితే కొండలో నీరు, వేట తగ్గితే జంతువులు ఊరివైపు దిగుతాయని నల్లమల చెంచులను అడిగినా చెబుతారు.

ఎండిన గడ్డికి వేసవిలో నిప్పు అంటుకుంటుంది. ఆరావళి మంటలు పెద్ద పైన్ అడవుల మంటల్లా ఆకాశానికి ఎగయవు, నేలబారున పాకి లేత మొక్కలనూ గుడ్లనూ మాడుస్తాయి. శిబిరాల్లో చలిమంట వేసుకునే అలవాటు కరువు ఏట మానుకోవడమే మంచిది.

రాళ్ళు, గుడారాలు, పచ్చిక

ఫరీదాబాద్ జిల్లా ధౌజ్ దగ్గరి కొండలు ఢిల్లీ పర్వతారోహకులకు బడి లాంటివి. హిమాలయాలకు వెళ్ళబోయేవాళ్ళు తాడు కట్టడం, రాతి బీటలో వేలు పెట్టడం ఇక్కడే నేర్చుకున్నారు. వాన తప్పితే గట్టి స్ఫటికశిలకు జరిగే నష్టమేమీ లేదు. కాని నీడనిచ్చే చెట్టు, కిందనున్న కుంట పోతే ఎండ వేడికి రాయి ఉదయం తొమ్మిదికే పట్టుకోలేనంతగా కాలుతుంది, ఎక్కే కాలం తగ్గిపోతుంది. చుట్టుపక్కల వెలసిన సాహస శిబిరాలు ట్యాంకరు నీటి మీద నడుస్తాయి.

గోల్ఫ్ మైదానాల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ఎండ దేశంలో పచ్చిక మైదానం రోజూ నీళ్ళు తాగే విహారం. శుద్ధి చేసిన మురుగునీటికి మారడం తప్ప వాటికి వేరే మార్గం లేదు.

2013 నవంబరులో గుర్గావ్‌లోనే దేశంలో మొదటిసారి ‘రాహ్‌గిరీ’ మొదలైంది. ఆదివారం ఉదయం కార్లను ఆపి రోడ్డును నడకకు, ఆటలకు వదిలారు. నగరానికి ఆరుబయలు ఎంత అవసరమో ఆ గుంపులు చెప్పాయి. ఆటకు రోడ్డు తప్ప చోటు మిగలని ఊరికి కొండా చెరువూ ఇంకెంత అవసరమో ఆలోచించుకోవచ్చు.

తెలుగు నేల మీద, ఇంకా దూరాన

సుల్తాన్‌పూర్ ఎర్రకాళ్ళ కొంగలకు రాయలసీమలో అన్నదమ్ములున్నారు. కర్ణాటక సరిహద్దున, పాత అనంతపురం జిల్లాలోని వీరాపురంలో ఈ కొంగలు ఏటా ఊళ్ళోని చెట్ల మీదే గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు వాటి రాకను శుభంగా భావిస్తారు. చుట్టూ ఉన్న చెరువులు ఎండిన ఏడు మాత్రం ఎంత ఆదరించినా కొంగలు నిలవలేవు. నేలపట్టులో గూడబాతులు చెరువులో నిలిచిన నీటి కడప చెట్ల మీద పిల్లలను చేస్తాయి, చెరువు నిండకపోతే ఆ చెట్లున్నా లేనట్టే. సూళ్ళూరుపేటలో జరిగే ఫ్లెమింగో పండుగ కళ పులికాట్ నీటిమట్టాన్ని బట్టే ఉంటుంది. 2015-16 కరువులో మంజీరా, సింగూరు ఎండి హైదరాబాద్‌కు ఆ నీళ్ళు ఆగిపోయాయి. మంజీరా మొసళ్ళకు మడుగు కరువైంది. నల్లమలలో పులుల కోసం అటవీశాఖ నేలలో సాసర్ ఆకారపు నీటిగుంతలు కట్టి, సోలార్ పంపులతో వేసవి గడుపుతోంది.

సంపన్న దేశాలకూ పేద దేశాలకూ ఇది తప్పలేదు. అమెరికాలోని మీడ్ సరస్సు 2022లో, 1930ల్లో నింపిన నాటి నుంచి ఎన్నడూ లేనంత కిందకు పడిపోయింది. పడవలు దింపే రేవులు ఒకదాని తరువాత ఒకటి మూతపడ్డాయి. 2019లో జింబాబ్వేలోని హ్వాంగే జాతీయ ఉద్యానంలో రెండు వందలకు పైగా ఏనుగులు దాహంతో, ఆకలితో చనిపోయాయి.

తిరిగి తడపడం

గురుగ్రామ్ అంచున, ఢిల్లీ సరిహద్దు పక్కన 380 ఎకరాలకు పైగా పరుచుకున్న ఆరావళి జీవవైవిధ్య ఉద్యానం ఒకప్పుడు రాళ్ళ గని. 2010 నుంచి అక్కడ ‘ఐయామ్ గుర్గావ్’ వాళ్ళు, పర్యావరణ నిపుణుడు విజయ్ ధస్మానా నేతృత్వంలో, సర్కారు తుమ్మను తొలగిస్తూ ధౌ, సలై, ఖైర్ లాంటి కొండచెట్లను నాటుతూ వచ్చారు. నర్సరీల్లో దొరికే అందమైన పూలచెట్లు కాకుండా, ఆరావళిలో మిగిలిన అడవుల నుంచి ఏరి తెచ్చిన విత్తనాలతో పెంచిన మొక్కలవి. బతికి స్థిరపడ్డాక వాటికి నీళ్ళు పోయాల్సిన పని లేదు, ఇక్కడి వాన చాలు. 2022 ఫిబ్రవరిలో ఇది అభయారణ్యాల జాబితా బయట ఉన్నా సంరక్షణకు తోడ్పడే ప్రదేశంగా దేశంలో మొదటి గుర్తింపు పొందింది. ఇక్కడ నడవడానికి టికెట్టు అక్కరలేదు, పడవా లేదు, పచ్చిక పరుపూ లేదు. పుట్టల పక్కనుంచి కాలిబాటలు ఉన్నాయి, వేసవిలో ఆకులు రాలతాయి.

2023 మార్చిలో కేంద్ర పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్ గురుగ్రామ్ జిల్లా టీక్లీ గ్రామంలో ‘ఆరావళి హరిత గోడ’ పథకాన్ని ప్రారంభించారు. గుజరాత్, రాజస్థాన్, హర్యానా, ఢిల్లీల్లో ఆరావళి చుట్టూ అయిదు కిలోమీటర్ల వెడల్పున చెట్లు నాటడం, చెరువులు బాగుచేయడం దాని ఉద్దేశం. గురుగ్రామ్, నూహ్ కొండల్లో పదివేల ఎకరాల సఫారీ పార్కు పెడతామని హర్యానా ప్రభుత్వం ప్రకటించింది. ఆ జంతువులకు, అక్కడికి వచ్చే జనానికి నీరెక్కడి నుంచి అనే ప్రశ్నను పర్యావరణవేత్తలు ముందే లేవనెత్తారు. ఈ ప్రశ్నకు జవాబు దొరక్కుండా పునాది వేయకూడదు.

బడ్‌ఖల్‌కు నీళ్ళు తిరిగి వస్తున్నాయి, కొండల నుంచి కాదు, ఫరీదాబాద్ స్మార్ట్ సిటీ పథకం కింద శుద్ధి చేసిన మురుగునీటి గొట్టాల నుంచి. కట్టను బాగుచేశారు, అడుగున నీరు ఇంకిపోకుండా చూసుకుంటున్నారు, ఒడ్డున నడకదారులు వేస్తున్నారు. వానను నమ్ముకున్న సరస్సు ఇప్పుడు పంపును నమ్ముకుంది. పాత సరస్సును చూసిన ఢిల్లీ ముసలివాళ్ళు మనవళ్ళను తీసుకుని మళ్ళీ అక్కడికి వెళ్ళగలుగుతారు. ఆ మెట్ల వెనక కొండవాగుల దారులు మాత్రం ఇంకా మూసుకుపోయే ఉన్నాయి. వాటిని తెరవాలంటే గనుల గుంతలు, ఫాంహౌస్ గోడలు, రోడ్డు కట్టలు దాటాలి, ఆ పని ఇంకా మొదలు కాలేదు.